గోకుడు రిజిస్టరు

కొత్తరేవు మునిసిపాలిటీలో అర్జీ ఇవ్వాలంటే ముందుగా ఒళ్ళో ఒక గినీ పిగ్‌ను పెట్టుకుని మూడు నిమిషాలు కూర్చోవాలి. ఇది వింతగా ఉందని పొరుగూళ్ళవాళ్ళు అంటుంటారు. ఒకే కాగితానికి మూడు జిరాక్సులు తెమ్మన్నప్పుడు లేని వింత, ఒళ్ళో జంతువును పెట్టుకోమంటే ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థం కాదు. నేను ఆ ఆఫీసులో ఫిర్యాదుల విభాగం సీనియర్ అసిస్టెంటుని. పేరు ఆదిశేషయ్య. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో ఏ ఉత్తర్వునూ ఎదిరించలేదు, ఏ ఉత్తర్వునూ పూర్తిగా చదవనూ లేదు. అందుకే ఇప్పటికీ బీపీ లేదు.

ఇదంతా మా కమిషనర్ చక్రధర్ గారు మూడు రోజుల శిక్షణకని ఒక చల్లని కొండ ఊరికి వెళ్ళిరావడంతో మొదలైంది. శిక్షణ పేరు 'కరుణార్ద్ర పరిపాలన'. ఇదివరకటి కమిషనర్లు అలాంటి చోట్లకు వెళ్తే శాలువాతోనూ జలుబుతోనూ తిరిగొచ్చేవారు. ఈయన ఒక పంజరంతోనూ, అరవై పేజీల పుస్తకంతోనూ వచ్చారు. ఆయన చెడ్డవారు కారు. చిన్న వయసు, మంచి ఉత్సాహం. చెడ్డ అధికారివల్ల ఆఫీసుకు పెద్ద నష్టం ఉండదు, ఆయన పని చెయ్యడు కనక. ఉత్సాహం ఉన్నవాళ్ళే పొద్దున్నే వచ్చి కూర్చుంటారు.

పంజరంలో ఉన్నదాన్ని చూడ్డానికి ఆఫీసంతా మూగింది. ఎలుక కన్నా పెద్దది, కుందేలు కన్నా చిన్నది. సగం తెలుపు, సగం గోధుమ రంగు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ దాన్ని పందికొక్కు అనుకుని మందు బిళ్ళలు తెప్పించబోయాడు. మా అటెండరు దానమ్మ ఆపింది. పందికొక్కుకు తోక ఉంటుందనీ, దీనికి లేదనీ, పైగా మనిషిని చూసి పారిపోకుండా కూతపెట్టి పలకరిస్తోందనీ చెప్పింది. మేకల్ని పెంచి ముగ్గురు పిల్లల్ని చదివించిన మనిషి ఆమె. జంతువు సంగతి ఆమెకు తెలిసినంతగా మా ఆఫీసులో ఎవరికీ తెలియదు.

దాని పేరు శాంతి అని కమిషనర్ గారు ప్రకటించారు. ఆ మధ్యాహ్నం మీటింగు హాల్లో ఇలా సెలవిచ్చారు.

"మిత్రులారా, పౌరుడు ఆఫీసుకు ఆవేశంతో వస్తాడు. ఆవేశంలో వాస్తవం మరుగున పడుతుంది. ఈ ప్రాణి మానవ అంతరంగాన్ని గ్రహిస్తుంది. అర్జీదారు మనసులో నిజాయితీ ఉంటే ఒళ్ళో ప్రశాంతంగా పడుకుంటుంది. అసత్యం ఉంటే గోక్కుంటుంది. పుస్తకంలో పద్నాలుగో పేజీ చూడండి. ఇది శాస్త్రీయంగా నిరూపితం."

ఎక్కడ నిరూపించారని అడగడానికి టౌన్ ప్లానింగ్ అధికారి నోరు తెరిచాడు. అంతలో పకోడీలు వచ్చాయి.

మర్నాడు సర్క్యులర్ వెలువడింది. 'సదరు జంతువు మూడు నిమిషముల కాలపరిమితిలో గోకుకొనని యెడల అర్జీని స్వీకరించి రశీదు ఇవ్వవలెను. గోకుకొనిన యెడల సదరు అర్జీని విచారణకు అనర్హముగా పరిగణించవలెను.' దానికొక రిజిస్టరు తెరవాల్సి వచ్చింది. క్రమసంఖ్య, పేరు, విషయం, గోకిన సమయం, ఎన్నిసార్లు అని గళ్ళు గీశాను. పేజీలో ఇంకా చోటు మిగిలితే 'ఏ కాలితో' అని ఇంకో గడి కూడా గీశాను. ఆఫీసులో అందరూ దాన్ని గోకుడు రిజిస్టరు అనేవారు. శాంతిని కూడా ఎక్కడో ఒకచోట నమోదు చెయ్యాలి కదా. స్టాకు పుస్తకంలో ప్రాణమున్న వాటికి పేజీ లేదు. పాత టైపు మిషనుకూ కొత్త స్టాప్లరుకూ మధ్య 'పరికరం–1' అని రాసుకున్నాం. పోషణ బాధ్యత 'తగిన సిబ్బంది'కి అప్పగించాలని ఉత్తర్వులో ఉంది. ఆ మీటింగుకు పిలవని సిబ్బంది దానమ్మ ఒక్కతే కాబట్టి ఆమెకు అప్పగించారు.

మొదటి నెలంతా శాంతి ఎవరి ఒళ్ళో కూర్చోబెడితే వాళ్ళ ఒళ్ళో కునుకు తీసింది. గోక్కున్నది మూడే మూడుసార్లు. అందులో ఒకటి మురిక్కాలువ మింగి ఇల్లు కట్టిన ఒక కాంట్రాక్టరు బావమరిది ఒళ్ళో. అప్పట్నుంచి నాకూ కాస్త భక్తి కుదిరింది. ఊళ్ళో కూడా పేరొచ్చింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, కొందరు పెద్దమనుషులు శాంతిని చూడగానే అర్జీ జేబులో పెట్టుకుని వెనక్కి వెళ్ళిపోయేవారు. చిక్కల్లా ఒక్కటే. నిజాయితీపరులు మరీ ఎక్కువైపోయి, స్వీకరించిన అర్జీలు గుట్టపడ్డాయి. పెండింగు పెరిగిందని పైనుంచి మెమో వచ్చింది.

ఆ తర్వాత రెండు సంస్కరణలు జరిగాయి. రెండూ మంచి ఉద్దేశంతోనే జరిగాయి. మొదటిది, శాంతి పడకకు గడ్డి తేవడం దండగ ఖర్చు కాబట్టి పాత అర్జీలను మిషనులో సన్నగా కత్తిరించి పరచాలని. రెండోది, శాంతికి అర్జీదారులు ఆప్యాయంగా తెచ్చే కొత్తిమీర కట్టలు లంచం కిందికి వస్తాయని. ప్రభుత్వ పరికరానికి కానుకలివ్వడం నేరమని గోడకు బోర్డు పెట్టించారు. ఆఫీసు ప్రాంగణంలోకి ఆకుకూర రాకూడదన్నారు. దానమ్మ ఇంటినుంచి తెచ్చే గరికను కూడా గేటు దగ్గర ఆపేశారు. బదులుగా ఒక బస్తా ఎండు దాణా తెప్పించారు. బస్తా మీద కోడిపుంజు బొమ్మ ఉంది.

వానలు మొదలయ్యాయి. పంజరం పైన మా స్లాబు కారుతుంది. అది కారుతోందని మేము మాకే ఇచ్చుకున్న అర్జీ కూడా ముక్కలై పంజరంలోనే ఉంది.

ఆ వానల్లోనే శాంతి గోక్కోవడం పెరిగింది. సోమవారం పది అర్జీలుంటే ఆరింటికి, మరుసటి సోమవారం తొమ్మిదింటికి, ఆ పై వారం పదికి పదీ. నేను గళ్ళు నింపడానికి రెండో పెన్ను కొనుక్కున్నాను. పంట కాలువ వీధిలో ఇడ్లీ బండి నడిపే రత్తాలు నాలుగు వారాలుగా వస్తోంది. ఆమె వీధి కుళాయిలో మురుగు కలుస్తోంది. సీసాలో పట్టి తెచ్చి చూపించింది. రంగు చూస్తే నిజమో కాదో చెప్పడానికి ఏ జంతువూ అక్కర్లేదు. కానీ శాంతి గోక్కుంది. కుడి వెనక కాలితో, పదకొండుసార్లు. నేను రాసుకున్నాను.

ఆఫీసుకు మాత్రం అవి స్వర్ణయుగం రోజులు. పాత గుట్ట పంజరంలో పడకైపోయింది, కొత్తగా స్వీకరించే అర్జీ లేదు కనక పెండింగు లేదు. జిల్లా సమీక్షలో 'సున్నా పెండింగు' సాధించిన ఏకైక మునిసిపాలిటీగా మాకు మెచ్చుకోలు లేఖ వచ్చింది. పొరుగు మునిసిపాలిటీలవాళ్ళు బస్సు వేసుకుని చూసి వెళ్ళారు. కమిషనర్ గారు శాంతిని గుండెలకు హత్తుకుని ఫొటోలు దిగారు.

ఒకనాడు భోజనాల వేళ దానమ్మ నన్ను పంజరం దగ్గరకు పిలిచింది. శాంతిని మెల్లగా ఎత్తి, భుజాల దగ్గర బొచ్చు పాయ తీసి చూపించింది. కింద చర్మం ఎర్రగా కంది ఉంది. పొట్టులా రాలుతోంది. వీపు మీద రూపాయంత మేర బోడిగా అయి పక్కుకట్టింది.

"ఇది ఊరికే గోక్కుంటం కాదండీ అయ్యగారూ. మా మేకలకీ ఒకేడు ఇలాగే వచ్చింది. ముట్టుకుంటే చాలు కుయ్యిమంటంది. తిండి కూడా సరిగ్గా తింటల్లేదు. డాక్టరమ్మకి చూపించకపోతే ఇది బతకదండి."

నేను ఆ ఎర్రటి చర్మం వైపు చూశాను. రెండు నెలలుగా రోజుకు మూడు నాలుగు గంటలు ఆ జంతువునే చూస్తున్నాను. ఏ కాలితో గోక్కుందో చూశాను గానీ ఎక్కడ గోక్కుందో చూడలేదు. అలాంటి గడి నేను గియ్యలేదు.

మర్నాడే నోట్ పెట్టాను. 'పరికరం–1కు చర్మవ్యాధి సోకినట్టు కనిపిస్తున్నందున పశువైద్యశాలకు పంపుటకు అనుమతి కోరడమైనది.' ఫైలు పది రోజులు తిరిగింది. చివరికి కమిషనర్ గారు నన్ను పిలిచి, చాలా ఓపికగా నచ్చజెప్పారు.

"శేషయ్యగారూ, మీ జాలిని నేను అభినందిస్తున్నాను. కానీ విధానపరంగా ఆలోచించండి. గోక్కోవడం అనేది మన అధికారిక ఆధారం. దానికి మందు వెయ్యడమంటే ఆధారాల్ని తారుమారు చెయ్యడం. రేపు ఎవరైనా కోర్టుకు వెళ్తే? ముందు అది దురదవల్ల గోక్కుంటోందా, అసత్యంవల్ల గోక్కుంటోందా అన్నది తేలాలి. అందుకు కమిటీ వేస్తున్నాను."

కమిటీలో ముగ్గురం. టౌన్ ప్లానింగ్ అధికారి, శానిటరీ ఇన్‌స్పెక్టరు, కాగితాలు మొయ్యడానికి నేను. మొదటి పరీక్షగా అర్జీదారు ఎవరూ లేకుండా శాంతిని బల్లమీద పెట్టి చూశాం. గోక్కుంది. ఇక తేలిపోయిందనుకున్నాను. టౌన్ ప్లానింగ్ అధికారి అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. గదిలో మనం ముగ్గురం ఉన్నాం కదా అన్నాడు. శానిటరీ ఇన్‌స్పెక్టరు అతనికేసి అదోలా చూశాడు. రెండో పరీక్షకు అందరం బయటికి వచ్చేసి కెమెరాలో చూశాం. అయినా గోక్కుంది. అప్పుడు కమిటీ లోతుగా ఆలోచించి, పంజరంలో పరిచినవి తిరస్కరించిన అర్జీలు కాబట్టి వాటిలోని అసత్యం శరీరానికి తగులుతోందని నిర్ధారించింది. అసత్యానికి తావులేని కాగితాలు పరచాలని సిఫారసు చేసింది. స్వీకరించిన అర్జీలు పరుద్దామంటే, మొదటి నెలవి ఎప్పుడో పడకకే అయిపోయి అప్పటికి ఒక్కటీ లేవు. ఆలోచించి ఆలోచించి ప్రభుత్వ సర్క్యులర్లు కత్తిరించి పరిచారు.

శాంతి ఇదివరకటికి రెండింతలు గోక్కుంది. ఆ నివేదికను రహస్య పత్రంగా ప్రకటించి బీరువాలో పెట్టారు.

దానమ్మ నన్ను అడగడం మానేసి, ఇంటికి వెళ్ళేదారిలో పశువైద్యశాలలో ఆగి డాక్టర్ నస్రీన్‌తో చెప్పుకుంది. డాక్టరమ్మ విని, చూడకుండా మందివ్వననీ, సొంత వైద్యం పేరుతో వేపనూనె, కిరసనాయిలు లాంటివి పూస్తే చచ్చిపోతుందనీ, హత్తుకున్నవాళ్ళకు కూడా ఆ దురద అంటుకుంటుందనీ, దానికి తగ్గితే గాని వాళ్ళకూ తగ్గదనీ, వెంటనే తీసుకురమ్మనీ చెప్పింది. మర్నాడు దానమ్మ గంప తెచ్చింది. గేటు దగ్గర ఆపేశారు. స్టాకు పుస్తకంలో ఉన్న వస్తువు గేటు దాటాలంటే కమిషనర్ సంతకంతో గేట్ పాస్ కావాలి. పరికరాల్ని బయటికి పంపే సందర్భాలు రూల్సులో రెండే ఉన్నాయి: మరమ్మతు, తనిఖీ. జబ్బు లేదు.

నేను ఆ రూల్సు పుస్తకాన్ని మొదటిసారి చివరిదాకా చదివాను. కొట్టులో త్రాసును ఏడాదికోసారి సరిగ్గా తూస్తోందో లేదో చూసి ముద్ర వేస్తారు. దాన్ని క్రమాంకనం అంటారు. పరికరం–1కు ఇంతవరకూ క్రమాంకనం జరగలేదని, ఇలా అయితే దాని లెక్క చెల్లదని నోట్ రాశాను. ఫైలు తూనికల కొలతల ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్ళింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, పళ్ళెం గానీ కాడ గానీ లేనిదానికి ముద్ర వెయ్యనని ఆయన తిప్పి పంపాడు. పశువైద్యశాలకే పంపాలని మళ్ళీ రాసి కమిషనర్ గారి బల్లమీద పెట్టాను. అది అక్కడే ఉండిపోయింది.

ఆ సోమవారం రత్తాలు మళ్ళీ వచ్చింది. కుర్చీలో కూర్చుని, కొంగు పరిచి, శాంతిని ఒళ్ళో పెట్టుకుంది. నేను గడియారం చూసి పెన్ను తీశాను. అరనిమిషం కూడా కాలేదు. శాంతి గోక్కోబోయి పక్కకి ఒరిగిపోయింది. నాలుగు కాళ్ళూ కొట్టుకున్నాయి. కళ్ళు తేలేసింది. దానమ్మ చేతిలోని టీ గ్లాసులు కింద పెట్టేసి పరుగెత్తుకొచ్చింది. కాసేపటికి దానికి ఊపిరి కుదుటపడింది గానీ లేచి నిలబడలేకపోయింది.

కమిషనర్ గారు గదిలోంచి వచ్చి చూశారు. ఆయన ముఖం కూడా పాలిపోయింది, అబద్ధమెందుకు. కానీ పద్నాలుగో పేజీలో మూర్ఛ సంగతి లేదు. కాస్త తడబడి, 'తీవ్ర అసత్యము' అని నమోదు చెయ్యమన్నారు.

రత్తాలు లేచి నిలబడింది. తన అర్జీని నా బల్లమీద పెట్టింది.

"నా అర్జీ కొట్టేసుకోండయ్యా. ఐదేళ్ళనించి తాగుతన్నాం, ఇంకో ఏడు తాగుతాం. ముందు ఈ నోరులేనిదానికి మందేయించండి."

నాకు సిగ్గేసింది. ఇరవై ఏడేళ్ళలో అంత సిగ్గెప్పుడూ వెయ్యలేదు. పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాను. ఆ రోజు రిజిస్టరులో ఆ వరస ఖాళీగానే ఉంది. కావాలంటే ఇప్పుడు కూడా చూసుకోవచ్చు.

నా సిగ్గు వల్ల ఏ ఫైలూ కదల్లేదు. కదిలించింది మర్నాటి జిల్లా వీడియో సమీక్ష. కమిషనర్ గారు ప్రగతి నివేదిక చదవడం మొదలుపెట్టారు. 'పట్టణంలోని అన్ని వార్డులకూ స్వచ్ఛమైన తాగునీరు' అనగానే ఎడమ ముంజేయి గోక్కున్నారు. 'మురుగు కాలువల పూడికతీత నూటికి నూరు శాతం' అంటూ మెడ గోక్కున్నారు. వీధి దీపాల పేరాకు వచ్చేసరికి కాగితం కింద పెట్టి రెండు చేతులతోనూ గోక్కున్నారు. ఫొటోలకని శాంతిని గుండెలకు హత్తుకున్న ఫలితం అది. బస్సు వేసుకుని చూసి వెళ్ళినవాళ్ళ పుణ్యమా అని అప్పటికి మా విధానం జిల్లా అంతటా పాకింది. తెరమీద ఉన్న పై అధికారి కళ్ళజోడు సవరించుకుని, నివేదిక చదివేటప్పుడు కమిషనర్ ఎన్నిసార్లు గోక్కున్నారో నమోదు చెయ్యమని పక్కనున్న గుమాస్తాకు చెప్పారు. ఏ చేత్తో అని గుమాస్తా అడగడం మాకూ వినిపించింది.

తనదాకా వస్తే గాని తెలియదంటారు. నేను ఫైలు పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాను. ఇది పరికరం నుంచి అంటుకున్నదనీ, పరికరం క్రమాంకనం అయ్యేదాకా ఆయన చేతి దురద తగ్గదనీ పశువైద్యురాలు దానమ్మతో అన్న మాట వినయంగా చెప్పాను. ఆయన ఒక చేత్తో గోక్కుంటూ ఇంకో చేత్తో సంతకం పెట్టారు.

డాక్టర్ నస్రీన్ శాంతిని బల్లమీద తువ్వాలు పరిచి చూసింది. బొచ్చు పాయలు తీసింది. పక్కును కొద్దిగా గీకి, గాజుపలక మీద పెట్టి, సూక్ష్మదర్శినిలో చూసింది. మమ్మల్ని కూడా చూడమంది. కాళ్ళున్న చుక్కల్లాంటివి కదులుతున్నాయి.

"దీనికి అబద్ధాలు గిట్టక కాదండీ. గజ్జి పట్టింది. చర్మంలో పురుగు తొలిచేస్తుంటే ఆ దురద భరించలేకే మూర్ఛ వచ్చింది. ఇంకో వారం ఆగి ఉంటే నా దగ్గరికి తీసుకురావాల్సిన పని ఉండేది కాదు. ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదా?"

"చూశామండీ," అన్నాను. "రాశాం కూడా. నూట డెబ్బై నాలుగు పేజీలు."

పరికరంతో పాటు రిజిస్టరు కూడా వెళ్ళాలని గేట్ పాస్‌లో ఉంది కాబట్టి అది నా చంకలోనే ఉంది. ఆమె తీసుకుని తిరగేసింది. దురద ఏ తేదీన మొదలైందో, ఎలా పెరిగిందో, రోజుకు ఎన్నిసార్లో, ఏ కాలితోనో అన్నీ ఉన్నాయి. తన సర్వీసులో ఇంత శ్రద్ధగా రాసిన రోగచరిత్ర చూడలేదంది. అది మెచ్చుకోలు కాదని నాకు తెలుసు.

శాంతిని తూచి, బరువును బట్టి మెడ వెనక చర్మం మీద మందు చుక్కలు వేసింది. రెండు వారాలకు మళ్ళీ వెయ్యాలంది. పంజరంలోని కాగితాలన్నీ తీసి తగలబెట్టి, వేడినీళ్ళతో కడిగి, పొడిగా ఎండుగడ్డి పరవమంది. ఈ జంతువుకు కూడా మనిషికి లాగే సి విటమిన్ తిండిలోంచే రావాలనీ, అది లేక ఒళ్ళు నీరసించి ఉందనీ, రోజూ కొత్తిమీర, క్యాప్సికం, జామ ముక్క పెట్టాలనీ చెప్పింది. తగ్గేదాకా చేతికి తొడుగు లేకుండా ఎత్తవద్దంది. మనుషుల దురద, జంతువుకు తగ్గాక దానంతటదే పోతుందట, పోకపోతే చర్మ వైద్యుడికి చూపించుకోవాలట. చివర్లో ఇంకో మాట అంది. ఇవి జంటగా బతికే ప్రాణులనీ, ఒక్కదాన్నే ఉంచడం పాపమనీ. దానమ్మ ఆ మాటకు తలూపి, శాంతిని గంపలో పడుకోబెట్టుకుంది.

'పరికరం క్రమాంకనంలో ఉన్నది. అర్జీలు తీసుకోబడవు' అని బోర్డు పెట్టాం. ఆ నాలుగు వారాలూ ఆఫీసుకు పండగలా గడిచాయి. శాంతి స్టోరు గదిలో ఉంది. దానమ్మ రోజూ కొత్తిమీర కట్టను చీర కుచ్చిళ్ళలో దాచి గేటు దాటించేది. రెండో మోతాదు మందు పడ్డాక పక్కు రాలిపోయింది. బోడి మచ్చ మీద ముందు నూగు వచ్చింది, తర్వాత బొచ్చు వచ్చింది. ఒకరోజు నేను తలుపు తీసేసరికి దానమ్మ అడుగుల చప్పుడనుకుని కూత పెట్టింది. నేనని తెలిశాక ఊరుకుంది. నాకు కొంచెం బాధేసింది, కానీ తప్పు నాదే.

సోమవారం శాంతి మళ్ళీ డ్యూటీలో చేరింది. నాలుగు వారాల జనం ఒక్కసారే వచ్చారు. ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళందరి ఒళ్ళోనూ కళ్ళు మూసుకుని హాయిగా పడుకుంది. రత్తాలు ఒళ్ళో గుర్రు కూడా పెట్టింది. సాయంత్రానికి అరవై ఒక్క అర్జీలు స్వీకరించి, గుండ్రటి ముద్ర వేసి రశీదులిచ్చాను.

ఇంజనీరింగ్ విభాగంలో గగ్గోలు పుట్టింది. అరవై ఒకటీ నిజమైతే అరవై ఒక చోట తవ్వాలి. కమిషనర్ గారు అత్యవసర సమావేశం పెట్టారు. పరికరం చెడిపోయి ఉంటుందని అందరూ అనుమానించారు. తెలిసిన అబద్ధం ఒకటి వినిపించి పరీక్షిద్దామన్నారు. తెలిసిన అబద్ధం వెంటనే ఎవరికీ తట్టలేదు. చివరికి కమిషనర్ గారే చేతి తొడుగులు వేసుకుని, శాంతిని ఒళ్ళో పెట్టుకుని, జిల్లా సమీక్షలో చదివిన ప్రగతి నివేదికనే మొదటినుంచీ చదివారు. తాగునీరు అయింది. మురుగు కాలువలు అయ్యాయి. వీధి దీపాలు అయ్యాయి. శాంతి కదల్లేదు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పరికరం సరైనదైతే నివేదికా నిజమే, అర్జీలూ నిజమే. ఊళ్ళో ఒకే కుళాయిలోంచి మంచినీళ్ళూ మురుగునీళ్ళూ రెండూ వస్తున్నాయన్నమాట. పరికరం చెడ్డదైతే 'సున్నా పెండింగు' మెచ్చుకోలు లేఖ వెనక్కి ఇచ్చెయ్యాలి. ఆలోచించి కమిషనర్ గారు మూడో దారి కనిపెట్టారు. పరికరం మొదట్లో సరైనదే, క్రమాంకనంలో పాడైపోయింది. కనక దాన్ని పనికిరాని వస్తువుల జాబితాలో చేర్చి కొత్తది తెప్పించాలి. ఈసారి పొరపాటు జరగకూడదని కొనుగోలు ప్రకటనలో షరతు కూడా రాయించారు: 'సరఫరాదారు అందజేయు జంతువు నిమిషమునకు నాలుగు పర్యాయములకు తగ్గకుండా గోకుకొనగలిగినదై ఉండవలెను.'

అరవై ఒక్క అర్జీలను రద్దు చెయ్యమన్నారు. చేసేవాణ్ణే. కానీ ముద్ర వేసి స్వీకరించిన అర్జీని తిరిగి తిరస్కరించడానికి రిజిస్టరులో గడి లేదు. గడి గియ్యమన్నారు. పేజీలో చోటు లేదని మనవి చేశాను. ఇంజనీర్లు తిట్టుకుంటూ పారలు పట్టించారు. పంట కాలువ వీధిలో గొట్టం మార్చారు. రత్తాలు గ్లాసుడు నీళ్ళు తెచ్చి నా బల్లమీద పెట్టింది. తాగాను. బాగున్నాయి.

పనికిరాని వస్తువును 'యుక్తరీతిన పారవేసినట్లు' ధ్రువపత్రం రాయాల్సింది నేనే. రాసి, గేట్ పాస్ ఇచ్చాను. ఆ సాయంత్రం దానమ్మ గంప నెత్తిన పెట్టుకుని గేటు దాటి వెళ్ళింది. ఈసారి ఎవరూ ఆపలేదు.

కొత్తది పోయిన గురువారం వచ్చింది. పరికరం–2. నల్లటిది, చిన్నది. షరతులకు మించి ఉంది: నిమిషానికి తొమ్మిదిసార్లు. కమిషనర్ గారు గాజు తలుపు వెనక నిలబడి సంతృప్తిగా చూశారు. దానమ్మ తొడుగులు వేసుకుని, ఎత్తి, భుజాల దగ్గర పాయ తీసి చూసింది. నాకూ చూపించింది. నేను ఈసారి కాలి వైపు చూడలేదు.

"మా శాంతి ఒక్కత్తే ఉంటందండి అయ్యగారూ," అంది దానమ్మ. "తోడు కావాలని డాక్టరమ్మ చెప్పింది కదండీ."

పోయినసారి మేము మూడు నెలలు ఆగాం. ఈసారి ఆగదలచుకోలేదు. తెల్ల కాగితం తీసి 'విషయం: పరికరం–2 క్రమాంకనం గురించి' అని రాసి ఫైలు కట్టాను. కమిషనర్ గారి గదిలోకి వెళ్ళి ఫైలు బల్లమీద పెట్టాను. పరికరం–2ను ఆయన ఒళ్ళో పెట్టాను. సంతకానికి మూడు నిమిషాలు పడుతుందనుకున్నాను. ఒకటిన్నరలో అయిపోయింది.